‘ఫెహు’ శబ్ద చరిత్ర: పశువు ముందా, ధనం ముందా?

నాలుగైదేళ్ళ క్రిందటి మాట. పరీక్ష ఫీజు గడువు ముగిసే రోజున బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు ఆలస్యంగా తరగతికి వచ్చాడు. కారణం అడిగితే, “సంతలో రెండు మేకలు అమ్మి వస్తున్నాను సార్, ఫీజు కట్టాలి” అన్నాడు. ఆనాటి పాఠం అర్థవిపరిణామం. అయాచితంగా దొరికిన ఉదాహరణను వదులుకోబుద్ధి కాలేదు మాకు. “ఫీజు అనే మాటకు అసలు అర్థమే పశువు. నువ్వు ఆ మేకలనే తోలుకొచ్చి కట్టి ఉంటే మాట ఇంకా సార్థకమయ్యేది” అన్నాము. తరగతి అంతా నవ్వింది. అతడూ నవ్వాడు. ఇంట్లో ఉన్నవి ఎన్ని మేకలో, అందులో రెండు పోతే మిగిలేవి ఎన్నో అడగాలని ఆ పూట మాకు తోచలేదు.

తరువాత కొంత చదివిన మీదట, ఆనాడు మేము చెప్పినదానిలో సగమే నిజమనీ, ఆ సగమైనా చెప్పినంత తేలిక కాదనీ తెలిసింది. తప్పు చెప్పిన తరగతిలోనే దిద్దుకోవడం న్యాయం. ఆ తరగతి కళాశాల విడిచి వెళ్ళిపోయింది గనుక ఈ సంచికను ఆశ్రయిస్తున్నాము.

మన చర్చకు మూలమైన మాట ‘ఫెహు’. ఇంగ్లీషు, జర్మన్, డచ్, ఐస్లాండిక్ మొదలైన భాషలకు తల్లి అయిన మూల జర్మానిక్ భాషలో ఇది ఉండేదని భాషాశాస్త్రవేత్తలు పునర్నిర్మించారు. ఆ తల్లి భాష వ్రాతలో మిగలలేదు; బిడ్డలు మిగిలారు. గోథిక్‌లో ఈ మాట ‘ఫైహు’, పాత ఇంగ్లీషులో ‘ఫెఓహ్’, పాత జర్మన్‌లో ‘ఫిహు’, పాత నార్స్‌లో ‘ఫే’. నేటి జర్మన్‌లో ఇదే మాటను ‘ఫీ’ అని ఉచ్చరిస్తారు. అక్కడ దాని అర్థం పశువులు. ఇంగ్లీషులోనూ ‘ఫీ’ అని ఒక మాట ఉన్నది. దాని అర్థం రుసుము. పొరుగు దేశాలలో ఒకే ధ్వని ఒకచోట కొట్టంలోను, మరొకచోట కార్యాలయంలోను వినిపించడం చూచి, రెండూ ఒకటేనని మేము తొందరపడ్డాము. అక్కడే కాలు జారింది. ఆ సంగతి చివర చెబుతాము.

ఈ మాటకు మన పశు శబ్దంతో చుట్టరికం ఉన్నదంటే కొందరు విద్యార్థులు నమ్మరు. ‘ప’ ఎక్కడ, ‘ఫ’ ఎక్కడ అంటారు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండి ఉండాలని ప్రకటించాడు. ఆ పోలికలలోని ధ్వని మార్పులకు నియమం ఉన్నదని 1818లో డెన్మార్క్ దేశీయుడు రాస్క్ గుర్తించగా, 1822లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ దానిని సూత్రబద్ధం చేశాడు. మూల భాషలోని ‘ప’ జర్మానిక్‌లో ‘ఫ’ అవుతుంది, ‘క’ ‘హ’ అవుతుంది. సంస్కృతంలో పితృ, లాటిన్‌లో పాటెర్, ఇంగ్లీషులో ఫాదర్. మూలంలోని ఒక రకం ‘క’ సంస్కృతంలో ‘శ’ అయింది. అందువల్ల మన శతం లాటిన్‌లో కెంటుమ్, ఇంగ్లీషులో హండ్రెడ్. ఇప్పుడు పశు, పెకు, ఫెహు అని మూడింటినీ వరుసగా పలికి చూడండి. రెండు హల్లులూ నియమం తప్పలేదు.

తెలుగు ఈ కుటుంబంలోనిది కాదని వేరే చెప్పనక్కరలేదు. 1816లోనే ఎల్లిస్ దొర తెలుగు, తమిళ, కన్నడాలది వేరొక కుటుంబమని నిరూపించాడు. అయితే పశువు మనకు తత్సమంగా వచ్చి, పసులు, పసరం అయి, పసులకాపరి అయి, పల్లెలో సంస్కృతం వాసన లేకుండా కలిసిపోయింది. ఆ దారిన మేకలు కాచిన మన విద్యార్థి నోటి మాటకూ, ఇంగ్లండు పురాతన శాసనాలలోని మాటకూ బీరకాయ పీచు చుట్టరికం ఉన్నదన్న మాట.

ఇక అర్థం సంగతి. బడిలో చెప్పే కథ సరళమైనది. ఆదిమానవుడికి సంపద అంటే పశువే. నాణేలు వచ్చాక పశువు పేరే డబ్బు పేరు అయింది. ఈ కథ చాలా పాతది. క్రీస్తు పూర్వం ఒకటవ శతాబ్దిలో రోమన్ పండితుడు వార్రో, డబ్బుకు లాటిన్ మాట ‘పెకూనియా’ పశువులకు మాట అయిన ‘పెకుస్’ నుంచి వచ్చిందనీ, పశుపాలకుల సంపద పశువులే గనుక అలా జరిగిందనీ వ్రాశాడు. రెండు వేల ఏళ్ళుగా దీనినే చెబుతున్నారు. మేమూ చెప్పాము.

కాని మాటలు దొరికిన చోట్లను వరుసగా చూస్తే ఈ కథ అంత నున్నగా సాగదు. జర్మానిక్ భాషలలో విస్తారమైన గ్రంథం మిగిలినది మొదట గోథిక్‌లోనే. నాలుగవ శతాబ్దిలో వుల్ఫిలా అనే బిషప్పు బైబిలును ఆ భాషలోకి అనువదించాడు. ఆ అనువాదానికి ఆరవ శతాబ్ది నాటి ప్రతి ఒకటి, ఊదారంగు తోలుకాగితంపై వెండి సిరాతో వ్రాసినది, స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఉన్నది. కథ నిజమైతే అన్నిటికంటె పాతదైన ఈ గ్రంథంలో ఫైహు అంటే పశువు అని ఉండాలి. అలా లేదు. గ్రీకు మూలంలో ఆస్తులు, ద్రవ్యం, డబ్బు అని ఉన్నచోట్లనే ఫైహు కనిపిస్తుంది. పశువు అన్న అర్థంలో ఒక్కచోట కూడా లేదు. లోభికి ఆ భాషలో ఒక సమాసం ఉన్నది. అందులోనూ ఫైహు అంటే ధనమే.

ఇంగ్లండుకు వద్దాము. కెంట్ రాజు ఎథెల్‌బెర్ట్ క్రీ.శ. 600 ప్రాంతంలో చేయించిన శాసన సంహిత జర్మానిక్ భాషలలో దొరికిన మొట్టమొదటి చట్టం. అందులో తొలి నిబంధనలోనే ఫెఓహ్ శబ్దం ఉన్నది. దేవుని సొమ్ము, చర్చి సొమ్ము అపహరించినవాడు పన్నెండు రెట్లు చెల్లించవలెనని దాని భావం. ఇక్కడ సొమ్ము అన్నదే సరియైన అనువాదం. అందులో పశువు ఉండవచ్చు, పాత్ర ఉండవచ్చు, ధాన్యం ఉండవచ్చు. పాత ఇంగ్లీషులో పశువు అన్న అర్థమూ ఉన్నది, ధనం అన్న అర్థమూ ఉన్నది. జర్మన్‌లో మాత్రం ధనం అన్న అర్థం క్రమంగా వెనుకబడి పశువే నిలిచింది.

రెండూ నేటికీ కలిసి కాపురం చేస్తున్నది ఐస్లాండులో. అక్కడ ‘ఫే’ అంటే గొర్రెలు, ‘ఫే’ అంటే డబ్బు. దాని షష్ఠీ రూపం ‘ఫ్యార్’. ఆ రూపానికి ఇల్లు అనే మాట చేరిస్తే గొర్రెల కొట్టం, వ్యవహారాలు అనే మాట చేరిస్తే ఆర్థిక వ్యవహారాలు. ఆర్థికమంత్రి పదవి పేరులోనూ, గొర్రెల దొడ్డి పేరులోనూ మొదటి భాగం ఒకటే. దీనిని విని ఐస్లాండు వారెవరూ నవ్వరట్టు. అలవాటైన మాటలో వింత కనబడదు.

రూన్ లిపి సంగతి ఇక్కడే చెప్పాలి. లాటిన్ అక్షరాలు రాకముందు జర్మానిక్ జాతులు కర్రమీద, రాతిమీద, లోహంమీద చెక్కిన ఈ లిపిలో తొలినాడు 24 అక్షరాలు. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ ద్వీపంలో దొరికిన కైల్వర్ శిలపై, సుమారు 400 నాటిది, ఆ వరుస మొత్తం ఉన్నది. అందులో మొదటి అక్షరం ‘ఫ’, దాని పేరు ఈ ఫెహు శబ్దమే. మన అలిఫ్‌కు మూలమైన సెమిటిక్ అక్షరం పేరుకు ఎద్దు అని అర్థం. అక్కడ ఎద్దుతో, ఇక్కడ ఆస్తితో అక్షరాభ్యాసం! ఈ సామ్యం నుంచి సిద్ధాంతం అల్లినవారున్నారు. మేము ఆశ్చర్యపడి అక్కడితో ఆగుతున్నాము.

వార్రో కథను తలక్రిందులు చేసినవాడు ఎమిల్ బెన్వెనిస్త్. 1902లో సిరియాలోని హలబ్ నగరంలో పుట్టి, పారిస్‌లో ఆచార్యుడై, 1976లో మరణించాడు. ఇండో-యూరోపియన్ సంస్థల పదజాలం గురించి 1969లో రెండు సంపుటాల గ్రంథం ప్రకటించాడు. అందులో అతని వాదం ఇది. మూలంలో ‘పెకు’ అంటే పశువు కాదు; కదిలే ఆస్తి, అంటే భూమి, ఇల్లు కాక మనిషి వెంట తరలించుకుపోగల స్వంత ఆస్తి. పశుపాలకుల సమాజాలలో అటువంటి ఆస్తిలో ముఖ్యమైనది మంద గనుక మాట మందకు పరిమితమయింది. గోథిక్‌లో పశువు అర్థం లేకపోవడానికి కారణం అది పోవడం కాదు, పాత అర్థం అక్కడ చెడకుండా ఉండడమే. మన పాఠ్యగ్రంథ పరిభాషలో చెప్పాలంటే వార్రోది అర్థవ్యాకోచం, బెన్వెనిస్త్‌ది అర్థసంకోచం. ఒకటి నూనె వంటిది: నువ్వుల నెయ్యి కాస్తా అన్ని గింజల తైలమూ అయింది. రెండవది చీర వంటిది: ఏ వస్త్రమైనా చీరే అయిన మాట ఆడవారి వస్త్రానికి కుదించుకుపోయింది.

బెన్వెనిస్త్ చూపిన సాక్ష్యాలలో ఒకటి చదివినప్పుడు మేము పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాము. అథర్వవేదంలో పశువులు ఐదు అని ఒకచోట లెక్క ఉన్నది. ఆవులు, గుర్రాలు, మనుషులు, మేకలు, గొర్రెలు. మనుషులు! ఇటలీలోని గుబ్బియో పట్టణంలో 1444లో దొరికిన కంచు ఫలకాలపై, లాటిన్‌కు సోదరి అయిన అంబ్రియన్ భాషలో, మనుషులను పశువులను జంటగా చెప్పే సమాసం ఉన్నది. పారశీకుల అవెస్తాలోనూ అటువంటి జంట ఉన్నది. పశు శబ్దానికి నాలుగు కాళ్ళ జంతువు అనే అర్థమే మూలమైతే ఆ లెక్కలో మనిషి ఎట్లా చేరాడు? కదిలే ఆస్తి అన్న అర్థమైతే చేరగలడు, బానిసగా. రోమన్లు యజమాని అనుమతితో బానిస తన దగ్గర ఉంచుకొనే కొద్దిపాటి సొమ్మును ‘పెకూలియుమ్’ అన్నారు. ఆస్తి అయిన మనిషికి ఉండే ఆస్తి అది.

ఈ వాదాన్ని అందరూ అంగీకరించలేదు. పెకు శబ్దం ఉన్ని పీకడం, దువ్వడం అనే అర్థంగల ధాతువు నుంచి వచ్చిందనీ, అందువల్ల మొదటి అర్థం ఉన్నిగల జంతువు, అంటే గొర్రె అనీ చెప్పే పండితులు అతనికి ముందూ ఉన్నారు, తరువాతా ఉన్నారు. నిఘంటువులలో ఎక్కువ భాగం ఇంకా పశువునే ముందు పెడుతున్నాయి. మాకు మాత్రం ఒక సంగతి తోస్తున్నది. పశువు నుంచి ధనానికి వెళ్ళే దారి ఒక్కటే సహజమైనదని మనం అనుకోవడం తప్పు. ఎదురు దారిన నడిచిన మాటలు కళ్ళెదుట ఉన్నాయి.

ఇంగ్లీషులోనే చూడండి. పశువుకు అక్కడి మాట ‘కేటిల్’. ఇది లాటిన్ ‘కపితాలే’ నుంచి, అంటే మూలధనం, ముఖ్యమైన ఆస్తి అన్న అర్థం నుంచి, ఫ్రెంచి మీదుగా వచ్చింది. మొదట దానికి ఆస్తి అనే అర్థం; తరువాత పశుసంపద; చివరకు కేవలం పశువు. ఇది ఊహించినది కాదు, పత్రాలలో శతాబ్దాల వెంట కనిపించే చరిత్ర. దాని కవలపిల్ల ‘చాటెల్’ న్యాయశాస్త్రంలో చరాస్తి అన్న అర్థంతో నిలిచిపోయింది. అమెరికాలో 1865లో రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయ్యేవరకు నల్లజాతి బానిసలను చట్టం ఆ మాటతోనే లెక్కగట్టింది. అథర్వవేదపు లెక్క అంత దూరం నడిచి వచ్చినట్లు అనిపిస్తుంది.

మన కళాశాలలో సగం మందికి మాతృభాష అయిన ఉర్దూలో ‘మాల్’ ఉన్నది. సరుకు మాల్, ధనం మాల్, పల్లెలో గొడ్డూగోదా మాల్-మవేషీ. నిజాం పాలనలో గ్రామంలో శిస్తు చూచే అధికారి మాలీ పటేలు. పెద్దవారికి ఆ పేరు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మాట అరబ్బీది. 1210లో మరణించిన ఇబ్న్ అల్-అసీర్ అనే పండితుడు మాల్ గురించి చేసిన వివరణ ‘లిసానుల్ అరబ్’ అనే మహానిఘంటువులో ఉదాహరింపబడింది. దాని సారాంశం ఇట్లా ఉన్నది: మాల్ అంటే మొదట వెండి బంగారాలు, తరువాత స్వంతమైన ప్రతి వస్తువూ, అరబ్బులు మాత్రం ఎక్కువగా ఒంటెలనే మాల్ అనేవారు, ఎందుకంటే వారి ఆస్తిలో అధికభాగం ఒంటెలే. బెన్వెనిస్త్ వాదం పుట్టడానికి ఏడున్నర శతాబ్దాల ముందు, మరొక భాషా కుటుంబంలోని మాట గురించి, అదే తర్కం!

తమిళంలో ‘మాడు’ అంటే పశువు. తిరుక్కురళ్‌లో అదే మాట సంపద అన్న అర్థంలోనూ ఉన్నది. మన తెలుగులో సొమ్ము తీసుకోండి. సొమ్ములు పోయాయని ఒక ఇల్లాలు ఏడిస్తే ఇటువైపు మనం నగలు పోయాయనుకుంటాము. ఉత్తర కోస్తా పల్లెలలో గేదెలు తప్పిపోయాయని వెదకడానికి బయలుదేరుతారు. ఈ మాటలో ఏ అర్థం ముందో తేల్చడానికి శాసనాలను, కావ్యాలను గాలించే ఓపిక గల విద్యార్థి ఎవరైనా ముందుకు వస్తే మంచి పరిశోధన అవుతుంది. మేము చేయగల సాయం చేస్తాము.

ఇప్పుడు చివర చెబుతామన్న తప్పు. పాత ఇంగ్లీషు ఫెఓహ్ అరిగి అరిగి నేటి ‘ఫీ’ అయిందని మేము తరగతిలో చెప్పాము. ధ్వనిరీత్యా అది సాధ్యమే. కాని నేటి ‘ఫీ’ ఆ ఇంటి బిడ్డ కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత వారి ఫ్రెంచితో పాటు వచ్చిన మాట అది. దాని అర్థం రాజుకో ప్రభువుకో సేవ చేసే షరతుపై అనుభవించే భూమి. మన ఇనాము, జాగీరు వంటిది. వంశపారంపర్యపు ఉద్యోగాన్ని కూడా అట్లే ఇచ్చేవారు. ఉద్యోగికి రావలసిన ముడుపు, తరువాత వకీలుకు, వైద్యుడికి ఇచ్చే ప్రతిఫలం, ఆ తరువాత బడికి కట్టే రుసుము, అట్లా దిగివచ్చింది. భూమిపై సంపూర్ణ హక్కును ఇంగ్లీషు చట్టం ఇప్పటికీ ‘ఫీ సింపుల్’ అంటుంది. మనం దాని బహువచనాన్ని ఏకవచనమనుకొని తెచ్చుకొని ‘ఫీజు’ చేశాము, మళ్ళీ దానికి లు చేర్చి ఫీజులు అంటున్నాము.

ఆ ఫ్రెంచి మాటకు లాటిన్ పత్రాలలోని రూపం ‘ఫెవుదుమ్’. అది ఫ్రాంకుల జర్మానిక్ భాషలోని ఫెహు శబ్దానికి సంపద అనే అర్థంగల ‘ఓద్’ చేరగా ఏర్పడిన సమాసమని పలువురి అభిప్రాయం. అట్లయితే మన ఫీజు చుట్టు తిరిగి పుట్టింటికే చేరినట్లు. కాని పాత పత్రాలలో ‘ద’ లేని ‘ఫెవుమ్’ వంటి రూపాలు ఉండడం ఈ వాదానికి చిక్కు. 1973లో అలావుద్దీన్ సామర్రాయీ అనే చరిత్రకారుడు ఇది అరబ్బీ ‘ఫై’ శబ్దపు బహువచనం ‘ఫుయూ’ నుంచి వచ్చి ఉండవచ్చునని ప్రతిపాదించాడు. యుద్ధం లేకుండా స్వాధీనమైన ఆస్తికి, ముఖ్యంగా భూమికి అది పేరు. దక్షిణ ఫ్రాన్సుకు స్పెయిన్ అరబ్బులతో సంబంధాలు ఉండేవి. ఈ సంగతి చెప్పగానే ఉర్దూ శాఖలోని మిత్రుల ముఖాలు వికసించాయి. మాకూ ముచ్చటగానే ఉన్నది. కాని ముచ్చటగా ఉన్నదని ఒప్పుకుంటే, మేకల సంగతిలో చేసిన తప్పే మళ్ళీ చేసినవాళ్ళమవుతాము. ఎక్కువ నిఘంటువులు ఫెహు పక్షానే ఉన్నాయి, సందేహం తెలుపుతూనే.

ఫెహు వారసత్వంలో సందేహం లేని ఇంగ్లీషు మాట కావాలంటే వేరొకటి ఉన్నది. పాత నార్స్‌లో ‘ఫేలగి’ అంటే తన ‘ఫే’ను, అనగా సొమ్మును, మరొకరి సొమ్ముతో కలిపి పెట్టినవాడు, వ్యాపారంలో భాగస్వామి. ఇంగ్లండు తూర్పు ప్రాంతాలలో స్థిరపడిన స్కాండినేవియా వారి ద్వారా అది ఇంగ్లీషులో చేరి ‘ఫెలో’ అయింది. భాగస్వామి కాస్తా తోడివాడయ్యాడు, తరువాత ఒక విద్యాసంస్థ ఆస్తిలోను ఆదాయంలోను వాటా గల పండితుడయ్యాడు. నేడు పరిశోధక విద్యార్థికి విశ్వవిద్యాలయం నెలనెలా ఇచ్చే సొమ్మును ఫెలోషిప్ అంటున్నాము. ఆ అబ్బాయి కట్టిన ఫీజులో ఫెహు ఉన్నదో లేదో రూఢిగా చెప్పలేము. ఎప్పుడైనా ఫెలోషిప్పు అందుకుంటే, అందులో మాత్రం తప్పక ఉన్నది.